నెమ్మదిగా మారేవాటిని కొలిచే చిప్పు



మాది కొవ్వూరు. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పడం నా పని. మా ఊరి పేరు చెబితే గోష్పాద క్షేత్రం, గోదావరి మీది వంతెనలు, సంస్కృత విద్యాపీఠం గుర్తుకొస్తాయి. అక్కడి మనిషి ఆపరేషనల్ యాంప్లిఫయర్ల వ్యాపారం గురించి మాట్లాడతాననడం కొత్తగా అనిపించవచ్చు. అయితే ఆ వ్యాపారంలో ఇప్పుడు వస్తున్న మార్పు మన డెల్టా అవసరాలకు బాగా దగ్గరగా వచ్చింది. ఆ సంగతి మన ఇంజనీరింగ్ పిల్లలకూ, వాళ్ళను అప్పుచేసి చదివిస్తున్న తల్లిదండ్రులకూ తెలియాలని నా ఆరాటం.

నా ముందున్న ఈ మైకునే తీసుకోండి. లోపల ఒక అయస్కాంతం, సన్నటి తీగచుట్ట ఉంటాయి. నా గొంతుకు ఆ చుట్ట కదిలితే పుట్టే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతు, కాస్త గట్టిగా మాట్లాడితే రెండు వంతులు. దాన్ని కొన్ని వందల రెట్లు పెంచితేగాని మిగతా పరికరాలకు పనికిరాదు. పెంచేది యాంప్లిఫయర్. అయితే ప్రతి యాంప్లిఫయర్‌కీ తనదైన సన్నని రొద ఒకటి ఉంటుంది. ఇంజనీర్లు నాయిస్ అనేది దాన్నే. మొదటి దశలో కలిసిన నాయిస్‌ను తరవాతి దశలు అసలు సంకేతంతో పాటే పెంచుతూ పోతాయి. విజ్జేశ్వరం దగ్గర కాలువలోకి ఎక్కిన బురద నరసాపురం దాకా వచ్చినట్టే. అందుకే మొదటి చిప్పు మీద అంత శ్రద్ధ.

ఆ మొదటి చోట కూర్చునేవాటిలో ముఖ్యమైనది ఆపరేషనల్ యాంప్లిఫయర్. వాడుకలో ఆప్-ఆంప్ అంటాం. 1947లో రగజ్జినీ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. అప్పట్లో అది వాక్యూమ్ ట్యూబుల పరికరం, అనలాగ్ కంప్యూటర్లలో కూడికలు, తీసివేతలు చేసేది. సిలికాన్ మీదికి దాన్ని తెచ్చినవాడు ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో పనిచేసిన బాబ్ విడ్లార్. 1965లో ఆయన చేసిన 709 మొదట్లో పదుల డాలర్లు పలికి, కొన్నేళ్ళలోనే అయిదు డాలర్ల లోపుకి దిగింది. 1968లో డేవ్ ఫుల్లగర్ చేసిన 741 అయితే మన కాలేజీ ప్రయోగశాలల్లో నేటికీ ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఎలక్ట్రానిక్స్ చదివి ఉంటే ఎనిమిది కాళ్ళ ఆ నల్ల చిప్పును చేత్తో పట్టుకునే ఉంటారు.

ఇక ఆ నాయిస్ ఎక్కడినుంచి వస్తుంది? కొంత భాగం ప్రకృతిది. వేడి ఉన్నంతకాలం ఏ నిరోధకంలోనైనా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ చలిస్తూనే ఉంటాయి. బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. ఇద్దరి వ్యాసాలూ 1928లో వచ్చాయి. ఆ లెక్క ప్రకారం గది వేడిమిలో 1000 ఓముల నిరోధకం నాయిస్, ఒక హెర్ట్జ్ వర్గమూలానికి 4 నానోవోల్టులు. నానోవోల్టు అంటే వోల్టులో 100 కోట్ల వంతు. దీన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. ఆప్-ఆంప్ చేయగలిగిందల్లా ఆ నాలుగింటికి తన వాటా ఎక్కువ కలపకుండా ఉండటం. ఆ వాటా 741లో 20 నానోవోల్టులు, అంతకన్నా కొంచెం ఎక్కువే. 1970ల చివర సిగ్నెటిక్స్ కంపెనీ తెచ్చిన 5532లో అది 5. ఆ తేడా వల్ల 5532 ప్రపంచంలోని ఎన్నో రికార్డింగ్ స్టూడియోల మిక్సర్లలోకి చేరిపోయింది. 1980లో వచ్చిన ఓపీ-27లో 3. ఆ తరవాత లీనియర్ టెక్నాలజీ కంపెనీ ఎల్‌టీ-1028లో 0.85, అంటే 50 ఓముల నిరోధకం నాయిస్ కన్నా తక్కువ. ఈ చివరి రెండింటి వెనకా ఉన్నది జార్జ్ ఎర్డీ అనే ఒకే ఇంజనీరు.

ఈ అంకెలు తగ్గడానికి డిజైన్ సగం కారణమైతే, చిప్పును తయారుచేసే ప్రాసెస్ మిగతా సగం. తొలిరోజుల ఆప్-ఆంప్‌లలో పాప్‌కార్న్ నాయిస్ అని ఒక జబ్బు ఉండేది. ఉన్నట్టుండి వోల్టేజి ఒక మెట్టు ఎక్కేది, కాసేపటికి దిగేది. స్పీకర్‌కి కలిపితే మొక్కజొన్న గింజలు పేలినట్టు వినపడేది, అందుకే ఆ పేరు. సిలికాన్ స్ఫటికంలో లోపాలూ, తయారీలో చేరిన లోహపు మలినాలూ దానికి కారణం. ఫ్యాక్టరీలో గాలి, నీరు, ఆమ్లాలు శుభ్రపడేకొద్దీ, చిప్పు పైపొరను సిలికాన్ నైట్రైడ్‌తో కప్పడం నేర్చేకొద్దీ అది దాదాపు మాయమైంది. ఎవరో గొప్ప సర్క్యూట్ కనిపెట్టి దాన్ని పోగొట్టలేదు. కడగడం, వడకట్టడం, వేడిచేయడం నేర్చిన ప్రాసెస్ ఇంజనీర్లు పోగొట్టారు. ఆ మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. నాకు వాళ్ళంటే ఎనలేని గౌరవం.

ఇంకో రకం నాయిస్ ఉంది. నా మాటంతా దాని చుట్టూనే. ఫ్లికర్ నాయిస్ అంటారు దాన్ని. సంకేతం ఎంత నెమ్మదిగా మారేదైతే ఈ నాయిస్ అంత ఎక్కువ. సంగీతానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, సంగీతం సెకనుకు వందల, వేల సార్లు కంపిస్తుంది కనుక. సెకనుకు ఒకసారో, పది సెకన్లకు ఒకసారో మారేదాన్ని కొలవాలంటే మాత్రం ఇదే అడ్డు. అలాంటి సంకేతానికి 0.85 అన్న ఒక్క అంకెను చూసి వందల రూపాయలు పోసి చిప్పు కొంటే, పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం దక్కకపోవచ్చు. సీమాస్ అనే రకం ట్రాన్సిస్టర్లలో ఫ్లికర్ నాయిస్ మరీ ఎక్కువ. సిలికానూ దాని మీది ఆక్సైడ్ పొరా కలిసేచోట ఎలక్ట్రాన్లు చిక్కుకుంటాయి, ఎప్పుడో విడుదలవుతాయి. అందువల్ల చాలాకాలం, తక్కువ నాయిస్ కావాలంటే బైపోలార్ ట్రాన్సిస్టర్లే అన్న మాట చెల్లింది.

ఆ మాట ఇప్పుడు సగమే నిజం. ఆక్సైడ్ నాణ్యత పెరిగింది, ట్రాన్సిస్టర్ ప్రవాహాన్ని ఉపరితలం నుంచి కాస్త లోపలికి దించే పద్ధతులు వచ్చాయి. వీటికి తోడు చాపర్ పద్ధతి ఉంది. ఇన్‌పుట్ రెండు తీగలనూ సెకనుకు వేల సార్లు తారుమారు చేస్తూ, నెమ్మది సంకేతాన్ని ఫ్లికర్ నాయిస్ లేని చోటికి జరిపి, పెంచి, తిరిగి మామూలుగా దించడం. ఆలోచన పాతది. 1949లోనే ట్యూబులతో దీన్ని చేశారు. సీమాస్‌లో మంచి స్విచ్‌లు చవకగా దొరకడంతో అది చిప్పులోకి చేరింది. 1980లలో ఆ తరహాలో పేరున్న ఎల్‌టీసీ-1050లో, పది సెకన్ల పాటు చూస్తే కనపడే ఊగిసలాట సుమారు 1.6 మైక్రోవోల్టులు. తరవాతి తరంలో అనలాగ్ డివైసెస్ వారి ఏడీఏ-4528లో అది 0.1 మైక్రోవోల్టు దగ్గరికి వచ్చింది. దాదాపు పదహారు రెట్ల మెరుగుదల. చాపర్ స్విచింగ్ వల్ల వచ్చే సన్నని రొద కొంత మిగులుతుంది, దాన్ని వడకట్టాలి. నెమ్మదిగా మారేవాటి కొలతలో అది పెద్ద కష్టం కాదు.

ఇప్పుడు మన జిల్లాలకు వద్దాం. మన చుట్టూ కొలవాల్సిన వాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా మారేవే.

ధాన్యం బస్తా తూకం చూడండి. కాటా కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. దాని మీద బరువు పడితే వంగీ వంగనట్టు వంగుతుంది. మామూలు లోడ్ సెల్‌కి 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులు. 100 కిలోల కాటాలో 10 గ్రాముల తేడా తెలియాలంటే, ఆ 10 మిల్లీవోల్టులను 10 వేల భాగాలు చేయాలి. ఒక్కో భాగం ఒక మైక్రోవోల్టు. కాటా మీద బస్తా పెట్టాక అంకె ఒకచోట నిలబడకుండా ఆడుతుంటే రైతుకూ నమ్మకం ఉండదు, కొనేవాడికీ ఉండదు. ఇందాక చెప్పిన 1.6 మైక్రోవోల్టుల పాత చిప్పు ఇక్కడ చాలదు. 0.1 మైక్రోవోల్టు చిప్పు హాయిగా సరిపోతుంది. తేడా ఒక చిప్పుదే.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు మరో ఉదాహరణ. 2009లో వనామీ రకం రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక సాగు ఎంత చిక్కబడిందో మీకు తెలుసు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్యకు ప్రమాదం. ఆ సమయానికి నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. అవసరం లేనప్పుడు తిరిగితే కరెంటు బిల్లు. కనుక రాత్రంతా కొలుస్తూ ఉండాలి. ఆక్సిజన్ ప్రోబుల్లో ఒక రకం ఇచ్చేది పదుల మిల్లీవోల్టులు మాత్రమే, అదీ మెల్లగా మారేది. పీహెచ్ ఎలక్ట్రోడ్ సంగతి ఇంకా సున్నితం. ఒక్క పీహెచ్ తేడాకు వచ్చేది 59 మిల్లీవోల్టులు. అది రావలసింది వంద మెగాఓములుండే గాజుపొర గుండా. పాత 741ని దానికి కలిపితే, ఆ చిప్పు తన ఇన్‌పుట్‌లో లాగే కరెంటే 8 వోల్టుల తప్పు తెస్తుంది. సీమాస్ ఆప్-ఆంప్ అయితే ఆ తప్పు మిల్లీవోల్టులో పదో వంతుకు దిగిపోతుంది. ఇక్కడ నానోవోల్టుల అంకె ఎంత తక్కువన్నది అసలు ప్రశ్న కాదు, ఇన్‌పుట్ ఎంత తక్కువ కరెంటు తాగుతుందన్నదే. తక్కువ నాయిస్ చిప్పులన్నీ ఒక్కటి కావని, ఏ సంకేతానికి ఏది తగునో ఎంచుకోవడమే ఇంజనీరు పని అని నేను పాఠంలో పదేపదే చెబుతుంటాను.

గోదావరికి అటు ఒడ్డున రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ అసెట్ ఉంది. డెల్టా మట్టి కింద చమురు, గ్యాసు ఎక్కడున్నాయో చూడటానికి భూమిని కంపింపజేసి, లోపలి పొరల నుంచి వెనక్కి వచ్చిన తరంగాలను జియోఫోన్లతో పట్టుకుంటారు. ఒక్కో జియోఫోన్ తీగచుట్ట నిరోధం 375 ఓముల దాకా ఉంటుంది. దాని సహజ నాయిస్ 2.5 నానోవోల్టులు. ఇక్కడ మాత్రం ఒక నానోవోల్టు తరగతి ఖరీదైన చిప్పుకు పెట్టే డబ్బు వృథా కాదు. అలాగే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రెషర్ సెన్సర్ పెట్టి కొలిచినా అది లోడ్ సెల్ లాంటి సంకేతమే, గంటలకు మారేది.

ఇంత చిన్న సంకేతాలను కొలిచే పని మన వాళ్ళకు కొత్త కాదు. భీమవరం దగ్గర మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారిని గుర్తు చేసుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, హోమీ భాభా దగ్గర చేరి, అణుశక్తి విభాగంలో ఎలక్ట్రానిక్స్‌ను నిలబెట్టారు. 1956 ఆగస్టు 4న మొదలైన అప్సర రియాక్టర్‌కు నియంత్రణ వ్యవస్థ తయారుచేసింది ఆయన బృందమే. రియాక్టర్‌లో న్యూట్రాన్లను కొలిచే చాంబర్ నుంచి వచ్చే కరెంటు ఆంపియరులో లక్ష కోట్ల వంతు స్థాయికి దిగుతుంది. అంత చిన్నదాన్ని నమ్మకంగా కొలిచే పరికరాలను బయటినుంచి కొనకుండా ఇక్కడే చేయాలని ఆయన పట్టుబట్టారు. ఆ పట్టుదలే 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అయింది. ఆయన దాని తొలి మేనేజింగ్ డైరెక్టరు. హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు నగర్ అని తిరిగే బస్సు బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. డెల్టా పల్లె నుంచి వెళ్ళిన ఒక మనిషి సూక్ష్మ సంకేతాల కొలతను దేశానికి పరిశ్రమగా ఇచ్చారని మన బడిపిల్లలకు చెప్పడం లేదు. చెప్పాలి.

సరే, డబ్బు మాట. మామూలు ఆప్-ఆంప్ కొన్ని రూపాయలకు దొరుకుతుంది. అత్యంత తక్కువ నాయిస్ చిప్పు వందల రూపాయలు. అంత తేడా ఎందుకు? ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పెద్దవి కావాలి, అంటే ఒక సిలికాన్ పళ్ళెం మీద వచ్చే చిప్పులు తగ్గుతాయి. ఇంకా ముఖ్యంగా పరీక్ష ఖర్చు. పది సెకన్లకు ఒకసారి ఊగే నాయిస్‌ను చూడాలంటే ప్రతి చిప్పునూ పది సెకన్లకు తక్కువ కాకుండా యంత్రం మీద ఉంచాలి. కోట్ల చిప్పులు పరీక్షించే ఫ్యాక్టరీలో పది సెకన్లంటే చాలా డబ్బు. ఒక్కో చిప్పునూ కాకుండా కొన్నిటినే పరీక్షించి మిగతావాటికి ప్రాసెస్‌ను హామీగా నిలబెట్టగలిగితే ధర దిగుతుంది. ప్రాసెస్ ఎంత నిలకడగా ఉంటే అంత లాభమన్నది ఇందుకే.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఈ లెక్కను బాగా చదివింది. 2009లో దివాలా తీసిన క్విమోండా అనే మెమరీ చిప్పుల కంపెనీ యంత్రాలను కొని, టెక్సస్ రాష్ట్రం రిచర్డ్‌సన్‌లో 300 మిల్లీమీటర్ల పళ్ళేల మీద అనలాగ్ చిప్పులు తీసే తొలి ఫ్యాక్టరీ నడిపింది. 200 మిల్లీమీటర్ల పళ్ళెంతో పోలిస్తే, ప్యాకేజీ వేయకముందు చిప్పు ఖర్చు 40 శాతం దాకా తగ్గుతుందని ఆ కంపెనీ చెబుతుంది. చైనాలో 2007లో మొదలైన ఎస్‌జీ మైక్రో, 2012లో మొదలైన త్రీపీక్ ఇదే తరహా యాంప్లిఫయర్లు చేస్తూ షేర్ మార్కెట్‌లో నిలబడ్డ కంపెనీలయ్యాయి. కాబట్టి 5532 లాంటి సాదా ఆడియో చిప్పుతో ఇప్పుడు రంగంలోకి దిగితే మనకు మిగిలేది లేదు. ధరలో వాళ్ళను గెలవలేం.

కానీ ఆప్-ఆంప్‌కి ఒక గుణం ఉంది, ఫోన్ చిప్పుకు లేనిది. ఫోన్ ప్రాసెసర్ రెండు మూడేళ్ళకు పాతబడుతుంది. 741 పుట్టి అర్ధశతాబ్దం దాటింది, ఇంకా తయారవుతోంది. 5532 నలభై ఏళ్ళు దాటి అమ్ముడుపోతోంది. ఒకసారి పరికరంలో కూర్చున్న ఆప్-ఆంప్‌ను తీసి వేరేది పెట్టాలంటే డిజైన్ మళ్ళీ పరీక్షించాలి, అనుమతులు మళ్ళీ తెచ్చుకోవాలి. అందుకని ఎవరూ మార్చరు. చిన్న కంపెనీకి ఇది వరం. దీనికి అత్యాధునిక ఫ్యాక్టరీ కూడా అక్కరలేదు.

మన దేశంలో మొహాలీలో ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీ ఉంది. 1989లో పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయి, ఏళ్ళ తరబడి వెనకబడి, తిరిగి లేచి ఇప్పుడు 180 నానోమీటర్ల సీమాస్ చిప్పులు చేస్తోంది. ప్రాసెసర్లకు అది పాతది. చాపర్ ఆప్-ఆంప్‌కి చక్కగా సరిపోతుంది. ప్రభుత్వం చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమంలో కాలేజీలకు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇస్తోంది, విద్యార్థుల చిప్పులను అక్కడే తయారు చేయిస్తోంది. 2021 డిసెంబరులో ప్రకటించిన 76 వేల కోట్ల సెమీకండక్టర్ పథకంలో డిజైన్ కంపెనీలకు అర్హమైన ఖర్చులో సగం, 15 కోట్ల వరకూ తిరిగి ఇచ్చే ఏర్పాటు పెట్టారు. 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. కొరియా కంపెనీ ఒకదానితో కలిసి ఏసిప్ టెక్నాలజీస్ ఏటా 9.6 కోట్ల చిప్పుల ప్యాకేజింగ్ సామర్థ్యంతో ఫ్యాక్టరీ పెడతామంటోంది. కొవ్వూరుకు కొద్ది దూరంలో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఉంది, కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది.

వీటిని కలిపి చూస్తే నాకు తోచేది ఇది. దేశంలో మనకు అందుబాటులో ఉన్న ప్రాసెస్ సీమాస్. సీమాస్‌కి బాగా నప్పే తక్కువ నాయిస్ పద్ధతి చాపర్. చాపర్ బాగా పనిచేసేది నెమ్మది సంకేతాల మీద. మన డెల్టాలో కొలవాల్సినవాటిలో ఎక్కువ నెమ్మది సంకేతాలే. మనం చేయగలిగిందీ మనకు కావలసిందీ ఇలా ఒకేచోట కలవడం ఎప్పుడూ జరిగేది కాదు. ప్రపంచంలోకెల్లా తక్కువ నాయిస్ చిప్పు చేద్దామని పిల్లలను పురికొల్పే ఉపన్యాసాలు వింటుంటాను. అది మన పోటీ కాదు. లోడ్ సెల్‌కి, చెరువు ప్రోబుకి సరిగ్గా అమరే ఒక చిప్పు, దానితో పాటు దాన్ని వాడే పూర్తి బోర్డు, ఆ రెండూ కలిపి అమ్మగలిగితే చాలు. చిప్పు ఒక్కటే అమ్మితే వచ్చేది పదుల రూపాయలు, పరికరం అమ్మితే వేలు.

మొదటి కొనుగోలుదారు ఎవరన్నదీ ఆలోచించాను. చెరువుల రైతు కాదు. తేడా వస్తే ఆయన నష్టపోయే పంట మధ్యలో కొత్త పరికరాన్ని నమ్మమని అడగడం న్యాయం కాదు, రెండు మూడు పంటలు పాత మీటరు పక్కన పెట్టి చూపించాకే అడగాలి. మొదట వెళ్ళవలసింది కాటాలు తయారుచేసే చిన్న సంస్థల దగ్గరికి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు, కొలతల శాఖ ముద్ర పడాలి. ఎండాకాలంలో మండే వేడికీ, వానాకాలపు చెమ్మకూ అంకె జరిగిపోయిన కాటాలు ఆ పరీక్ష దగ్గర వెనక్కి వస్తాయి. వేడికి జరగని ఇన్‌పుట్ ఎంత విలువైనదో వాళ్ళకు వివరించక్కరలేదు. మొహాలీ నుంచి వచ్చిన నమూనా చిప్పులు ఓ పాతిక, రెండు రకాల లోడ్ సెల్‌లు, ఒక వేడిపెట్టె పట్టుకుని మే నెలలో వాళ్ళ వర్క్‌షాపుకి వెళ్ళండి. ముందు వాళ్ళ కాటాలో ఉన్న చిప్పుతో అంకె రాసుకోండి. తరవాత మీది పెట్టి అదే తూకం మళ్ళీ వేయండి.